ఓహియో జింకల వేటకు పెద్ద బోరు తూటాలు: .45-70, .450 బుష్‌మాస్టర్, .350 లెజెండ్‌లలో ఏది తగినది?

ప్రశ్న: వంశీ, మారతహళ్లి, బెంగళూరు

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తున్నాను. ఉద్యోగరీత్యా త్వరలో కొంతకాలం అమెరికాలోని ఓహియో రాష్ట్రంలో ఉన్న కొలంబస్‌లో ఉండవలసి వస్తోంది. మా అక్కయ్య, బావగారు అక్కడికి దగ్గరలోనే చాలా ఏళ్లుగా స్థిరపడి ఉన్నారు. బావగారు ఏటా నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ తరువాత మొదలయ్యే గన్ సీజన్‌లో (తుపాకితో వేటకు అనుమతి ఉన్న రోజులలో), తనకు తెలిసిన ఒక రైతు పొలంలో, ఆయన అనుమతితో తెల్లతోక జింకల వేటకు వెళ్తారు. ఈసారి నన్ను కూడా తీసుకువెళ్తానని అంటున్నారు.

ఆయన వద్ద మార్లిన్ 1895 లివర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ కింది పిడిని ఆడించి తూటా ఎక్కించేది) ఉంది. అది .45-70 గవర్నమెంట్ తూటాలు కాల్చే రైఫిల్. నేను దానినే వాడుకోవచ్చునని, కాదంటే .450 బుష్‌మాస్టర్ గాని .350 లెజెండ్ గాని కాల్చే రైఫిల్ మరొకటి కొందామని, ఈలోగా చదువుకొని ఏది కావాలో తేల్చమని నాకు పని అప్పగించారు. నా అనుభవమంతా ఇక్కడి రైఫిల్ క్లబ్బులో .22 రైఫిల్‌తో 50 మీటర్ల దూరంలోని లక్ష్యం మీద కాల్చడమే. ఆ రైఫిల్ భుజాన్ని తన్నినట్టే తెలియదు కాబట్టి పెద్ద బోరు (గొట్టం లోపలి వెడల్పు ఎక్కువున్న) రైఫిల్ తన్ను ఎలా ఉంటుందో నాకు ఊహకు అందడం లేదు.

కంపెనీల పట్టికలు చూశాను. .45-70లో 325 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) బుల్లెట్‌కు గొట్టం చివర సుమారు 3,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉంటుందని, .350 లెజెండ్‌లో 180 గ్రెయిన్ల బుల్లెట్‌కు 1,760 మాత్రమే ఉంటుందని వాటిలో ఉంది. శక్తి అంత తక్కువైతే జింక గాయపడి పారిపోయి, ఎక్కడో బాధపడి చచ్చే ప్రమాదం పెరగదా? అలాగని .45-70 పట్టుకుంటే నాలాంటి కొత్తవాడు తన్నుకు భయపడి గురి తప్పడా? పొలం గట్టున కూర్చొని కాల్చే దూరం చాలావరకు 100 గజాల లోపే ఉంటుందని, ఎప్పుడైనా 150 దాకా పోతుందని బావగారు చెప్పారు. .30-06 వంటి మామూలు రైఫిల్ ఎందుకు కొనకూడదో కూడా ఎవరైనా వివరిస్తే మేలు.

జవాబు: కోరమంగళ పాతకాపు, బెంగళూరు

వంశీ గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా ఎంపికలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఓహియోలో జింకల వేటకు .30-06 గాని, .308 గాని, .270 గాని చట్టం ఒప్పుకోదు. అక్కడ పొలాలు, ఇళ్లు, రోడ్లు కలగలిసి ఉంటాయి. నేల చాలాచోట్ల చదును. మెడ దగ్గర సన్నబడే ఇత్తడి కేసులో ఎక్కువ మందు పట్టించి, చిన్న బుల్లెట్‌ను అతివేగంగా పంపే తూటాలు చాలా దూరం పోతాయి. అందుకే చాలాకాలం అక్కడ షాట్‌గన్ స్లగ్గులు (చిన్న గుళ్లకు బదులు ఒకే పెద్ద గుండు ఉన్న తూటాలు), ముందునుంచి మందు కూరే తుపాకులు, కొన్ని పిస్తోళ్లు మాత్రమే అనుమతించేవారు. 2014 సీజన్ నుంచి, కేసు మొదలు నుంచి మూతి దాకా భుజం (మెడ దగ్గర సన్నబడే వంపు) లేకుండా తిన్నగా ఉండే తూటాల రైఫిళ్లను కూడా ఒప్పుకున్నారు. బోరు .357 నుంచి .50 మధ్య ఉండాలి. చాంబర్‌లోను, మ్యాగజైన్‌లోను కలిపి మూడు తూటాలకు మించి నింపకూడదు. .35 రెమింగ్టన్, .358 విన్‌చెస్టర్, .35 వేలెన్ జింకలకు చక్కని తూటాలే అయినా, వాటి కేసుకు భుజం ఉంది కాబట్టి అవి ఓహియోలో చెల్లవు. బయలుదేరే ఏడాది ఓహియో డివిజన్ ఆఫ్ వైల్డ్‌లైఫ్ వారి నిబంధనల పుస్తకం తప్పక చూడండి. ఇటువంటి వివరాలు ఏటా సవరిస్తూ ఉంటారు.

ఇక మీ మూడు తూటాల సంగతి. .45-70 అమెరికా సైన్యం 1873లో తీసుకున్న తూటా. .45 అంగుళాల బోరు, 70 గ్రెయిన్ల పాతకాలపు పొగమందు, 405 గ్రెయిన్ల సీసపు బుల్లెట్, ఇదీ దాని పుట్టుక. ఇది ఒక తూటా కాదు, మూడు నాలుగు తూటాలు ఒకే పేరుతో తిరుగుతున్నాయి అనుకోవడం మంచిది. అమెరికాలోని ప్రమాణాల సంస్థ దీనికి చదరపు అంగుళానికి 28,000 పౌండ్ల ఒత్తిడినే గరిష్ఠంగా పెట్టింది, ఎందుకంటే సైన్యం వాడిన పాత ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లు నేటికీ కొందరి ఇళ్లలో ఉన్నాయి. ఆ హద్దులో 405 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 1,330 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. 300 గ్రెయిన్లది 1,800 దాటుతుంది. మీరు పట్టికలో చూసిన 325 గ్రెయిన్లది 2,050తో పోతుంది. ఇవి కాక, కొత్త రైఫిళ్లకు మాత్రమే పనికివచ్చేలా ఇంకా గట్టిగా నింపిన తూటాలను కొన్ని చిన్న కంపెనీలు అమ్ముతాయి. అవి ఎలుగుబంట్ల కోసం చేసినవి. వాటిని జింక మీద కాల్చడంలో అర్థం లేదు. ".45-70 ఎలా ఉంటుంది?" అని అడిగిన ప్రతిసారీ "ఏ పెట్టెలోది?" అని ఎదురు ప్రశ్న వేయడం నా అలవాటు.

.450 బుష్‌మాస్టర్ ఈ శతాబ్దపు తూటా. ఏఆర్-15 వంటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో ఇమిడేలా చేశారు. బుల్లెట్ వ్యాసం .452, అంటే పెద్ద పిస్తోళ్లలో వాడేదే; .45-70 బుల్లెట్ .458. ఇది 250 గ్రెయిన్ల బుల్లెట్‌ను 2,200 అడుగుల వేగంతో పంపుతుంది. .350 లెజెండ్‌ను విన్‌చెస్టర్ 2019లో తెచ్చింది. తక్కువ తన్నుతో, తక్కువ ఖర్చుతో, ఓహియో, మిషిగన్ వంటి రాష్ట్రాల చట్టాలకు ఒదిగిపోయేలా ప్రత్యేకంగా తయారైనది అది. దానిని పెద్ద బోరు అనడానికి పాతతరం వారు ఒప్పుకోరు గాని, జింకకు ఆ పట్టింపు లేదు.

తన్ను మాటకు వస్తే, ఏడున్నర పౌండ్ల రైఫిల్‌లో లెక్క కట్టి చూస్తే .350 లెజెండ్ వెనక్కి తన్నే శక్తి సుమారు 10 ఫుట్-పౌండ్లు. .450 బుష్‌మాస్టర్‌ది 20 చిల్లర. .45-70లో మీరు చెప్పిన 325 గ్రెయిన్ల తూటాది 30 దాటుతుంది. .22 నుంచి నేరుగా 30కి వెళ్లిన వాడు కళ్లు మూసుకొని ట్రిగ్గర్ లాగడం నేర్చుకుంటాడు, ఆ అలవాటు పోగొట్టడానికి ఏళ్లు పడుతుంది. నేను అమెరికాలో ఉన్నంతకాలం కొత్తగా వచ్చిన మనవాళ్లలో ఇది చూస్తూనే ఉన్నాను. మీరు అడిగిన దూరాలకు, మీకున్న అనుభవానికి, నా ఓటు .350 లెజెండ్‌కే. మెత్తని ముక్కుతో, జింకల కోసమే చేసిన 180 గ్రెయిన్ల బుల్లెట్ పెట్టుకోండి. 150 గజాల హద్దు మీరకండి.

జవాబు: తాంబరం మాస్టారు, చెన్నై

నేను వేటగాడిని కాను. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. వంశీ గారి ప్రశ్నలో ఒక భావం దాగి ఉంది: శక్తి ఎక్కువ ఉంటే జింక అక్కడికక్కడే కూలుతుంది, తక్కువ ఉంటే పారిపోతుంది అని. ఈ భావాన్ని లెక్కతో పరీక్షించవచ్చు.

325 గ్రెయిన్లు అంటే 21 గ్రాములు. సెకనుకు 2,050 అడుగులంటే 625 మీటర్లు. ఈ రెండింటి లబ్ధం, అంటే ద్రవ్యవేగం, సెకనుకు సుమారు 13 కిలోగ్రామ్ మీటర్లు. ఆ బుల్లెట్ గొట్టం ముందే నిలబడిన 70 కిలోల జింకలో దూరి, లోపలే ఆగిపోయిందని అనుకుందాం. జింక మొత్తానికి వచ్చే వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు. .350 లెజెండ్‌లో 180 గ్రెయిన్ల బుల్లెట్‌కు ఇదే లెక్క వేస్తే 11 సెంటీమీటర్లు వస్తుంది. ఎవరో భుజం మీద చెయ్యి వేసి మెల్లగా నెట్టినంత మాత్రమే. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం బుల్లెట్ మోసుకుపోయే ద్రవ్యవేగం కాల్చినవాడి భుజం మీద పడినదానికంటే ఎక్కువ ఉండే వీలు లేదు. మందు వాయువుల వాటా కూడా భుజమే మోస్తుంది కాబట్టి నిజానికి తక్కువే ఉంటుంది. భుజాన్ని కూల్చనిది జింకను ఎలా కూలుస్తుంది? పెద్ద బోరు తూటా జంతువును ఎగరగొట్టి పడవేస్తుందన్న మాట ఎక్కడ వినబడినా నమ్మవలసిన పని లేదు.

మరి జింక ఎందుకు చనిపోతుంది? ఊపిరితిత్తులు లేదా గుండె చిరిగి, రక్తపోటు పడిపోయి, మెదడుకు రక్తం అందక చనిపోతుంది. వెన్నెముక గాని మెదడు గాని దెబ్బతింటే తప్ప వెంటనే కూలదు. ఊపిరితిత్తులు రెండూ చిరిగిన జంతువు కూడా కొద్ది సెకన్లు పరుగెత్తగలదు. అందువల్ల చూడవలసినవి రెండే: బుల్లెట్ ఎక్కడ తగిలింది, లోపల ఎంత కణజాలాన్ని చీల్చుకుంటూ ఎంత లోతు పోయింది. పట్టికలోని శక్తి సంఖ్య ఈ రెంటిలో దేనినీ నేరుగా చెప్పదు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది కనుక, శక్తి పట్టిక ఎప్పుడూ వేగపు బుల్లెట్లకు పక్షపాతం చూపిస్తుంది. 405 గ్రెయిన్ల పాత తూటాకు గొట్టం చివర దాదాపు 1,590 ఫుట్-పౌండ్లే ఉన్నాయి, అంటే .350 లెజెండ్ కంటే తక్కువ. ఆ తూటాతో ఒకప్పుడు జింకలను మాత్రమే కాదు, అడవిదున్నలను కూడా కొట్టారు.

జవాబు: కె.ఆర్. పురం కృష్ణమూర్తి, బెంగళూరు

మాస్టారి లెక్కతో ఏకీభవిస్తాను, పాతకాపు గారి తీర్పుతో మాత్రం కాదు. నేను అప్పుడప్పుడు ఓహియో పక్క రాష్ట్రం ఇండియానాలోని మా అబ్బాయి దగ్గరికి వెళ్లి వస్తుంటాను. అక్కడా పొలాల వేటే.

ఇంట్లో మంచి రైఫిల్ ఉండగా మరొకటి ఎందుకు కొనాలి? పాతకాపు గారు తన్ను లెక్కను 325 గ్రెయిన్ల గట్టి తూటాతోనే కట్టారు. 405 గ్రెయిన్ల బుల్లెట్‌ను 1,330 వేగంతో అదే బరువైన రైఫిల్‌లో కాల్చితే తన్ను 20 ఫుట్-పౌండ్లకు అటు ఇటుగా, అంటే .450 బుష్‌మాస్టర్ అంతే ఉంటుంది. పైగా అది చటుక్కున కొట్టదు, నెమ్మదిగా నెడుతుంది. భుజానికి ఈ తేడా బాగా తెలుస్తుంది. .450 బుష్‌మాస్టర్ రైఫిళ్లలో చాలావాటికి గొట్టం చివర బ్రేక్ (మందు వాయువులను పక్కలకు మళ్లించే తొడుగు) బిగించి అమ్ముతారు. అది తన్నును తగ్గించే మాట నిజమే గాని, పేలుడు శబ్దాన్ని పక్కలకు, వెనక్కి మళ్లిస్తుంది. చెవులకు రక్షణ లేకుండా ఒక్కసారి కాల్చినా చెవిలో గీ అని మోగుతూనే ఉంటుంది. చెట్టు మీద మచానులో పక్కన బావగారు కూర్చొని ఉంటే ఆయన పరిస్థితి మరీ అన్యాయం.

మాంసం సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. వేగంగా వచ్చే బుల్లెట్ తగిలిన చోట చుట్టూ మాంసమంతా నెత్తురు కమ్మి పాడవుతుంది; ఒక భుజం మొత్తం పారవేయవలసి వస్తుంది. నెమ్మదిగా వచ్చే బరువైన బుల్లెట్ రంధ్రం చేసుకుంటూ అవతలి పక్కకు వెళ్లిపోతుంది, చుట్టూ నష్టం తక్కువ. రెండు పక్కలా రంధ్రం ఉంటే నేల మీద రక్తపు జాడ బాగా పడుతుంది, మంచు లేని నవంబరు అడవిలో ఎండుటాకుల మీద జాడ పట్టడానికి అంతకు మించిన సాయం లేదు. పెద్ద బోరు వల్ల ఉన్న అసలు లాభం ఇదే. బుల్లెట్ విచ్చుకున్నా విచ్చుకోకపోయినా రంధ్రం దాదాపు అర అంగుళంతోనే మొదలవుతుంది.

జవాబు: కోరమంగళ పాతకాపు, బెంగళూరు

కృష్ణమూర్తి గారు చెప్పిన మాంసం సంగతి, జాడ సంగతి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. 405 గ్రెయిన్ల తూటాతో తన్ను తగ్గుతుందన్నదీ నిజమే. అయితే దానికి మరో వైపు వెల కట్టవలసి ఉంటుంది. ఆ తూటాను 100 గజాల దగ్గర గురికి సరిచేస్తే, 200 గజాల దగ్గర సుమారు రెండు అడుగులు కిందికి పడుతుంది. 150 దగ్గరే చేతి బెత్తెడు కంటే ఎక్కువ దిగిపోతుంది. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉన్న భాగం సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. నడిమధ్యకు గురి పెట్టిన బుల్లెట్ నాలుగు అంగుళాలు కిందికి జారితే అంచు దాటినట్టే. సాయంత్రం మసక వెలుతురులో, కోసేసిన మొక్కజొన్న చేనులో, 110 గజాలకు, 150 గజాలకు తేడా కంటితో చెప్పడం అలవాటైన వారికే కష్టం.

325 గ్రెయిన్ల మొన ఉన్న బుల్లెట్ ఇందుకే వచ్చింది. లివర్ యాక్షన్ రైఫిళ్లలో మ్యాగజైన్ అంటే గొట్టం కింద ఉండే మరో గొట్టం. తూటాలు అందులో ఒకదాని వెనక ఒకటి పడుకొని ఉంటాయి. బుల్లెట్ మొన గట్టిగా, సూదిగా ఉంటే అది ముందున్న తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌కు సరిగ్గా తగిలి కూర్చుంటుంది, తన్నుకు లోపలే పేలే ప్రమాదం ఉంది. అందువల్ల వందేళ్లకు పైగా వీటిలో చదును ముక్కు బుల్లెట్లే వాడారు, అవి గాలిలో త్వరగా వేగం కోల్పోతాయి. హార్నడీ కంపెనీ ఒత్తితే నొక్కుకుపోయే మెత్తని పాలిమర్ మొన పెట్టి ఈ చిక్కు విప్పింది. 24 అంగుళాల గొట్టంతో ఆ కంపెనీ ఇచ్చిన పట్టిక ప్రకారం, 100 గజాల దగ్గర మూడు అంగుళాలు ఎత్తుగా తగిలేలా గురి సరిచేస్తే 200 దగ్గర నాలుగు అంగుళాలే కిందికి వస్తుంది. 300 దగ్గర మాత్రం రెండు అడుగులు దాటి పడిపోతుంది. .450 బుష్‌మాస్టర్ వంపు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మీ బావగారి రైఫిల్ గొట్టం 24 అంగుళాల కంటే పొట్టిదైతే వేగం కొంత తగ్గుతుంది కాబట్టి, పెట్టె మీద అచ్చయిన అంకెలను నమ్మి కూర్చోకుండా రేంజిలో కాల్చి చూసుకోవాలి.

.444 మార్లిన్ గురించి ఎవరైనా చెబితే ఒక విషయం గుర్తుంచుకోండి. 1964లో వచ్చిన ఈ తూటా చట్టం ప్రకారం ఓహియోలో చెల్లుతుంది, 240 గ్రెయిన్ల బుల్లెట్‌ను 2,350 వేగంతో పంపుతుంది, కాగితం మీద చాలా అందంగా కనిపిస్తుంది. కాని అది వచ్చిన కొత్తలో దానికని చేసిన బుల్లెట్లు లేవు. .44 మాగ్నమ్ పిస్తోలు బుల్లెట్లనే ఇందులో పెట్టి కాల్చారు. పిస్తోలు వేగానికి విచ్చుకునేలా చేసిన ఆ బుల్లెట్ రైఫిల్ వేగానికి జింక భుజం ఎముక మీదే పిగిలిపోయేది. బరువైన బుల్లెట్ పెడదామంటే, తొలి రైఫిళ్ల గొట్టం లోపలి గాడి 38 అంగుళాలకు ఒక్క చుట్టు మాత్రమే తిరిగేది. పొడవైన బుల్లెట్ నిలకడగా తిరగడానికి అది చాలదు. తూటా బాగున్నా బుల్లెట్ సరిగ్గా లేక దానికి చెడ్డపేరు వచ్చింది. .450 బుష్‌మాస్టర్‌కు కూడా ఎక్కడైనా చవకగా పిస్తోలు బుల్లెట్లు నింపిన పెట్టెలు కనిపిస్తే కాగితపు లక్ష్యాలకే వాడండి.

కృష్ణమూర్తి గారి మాట మన్నించి నా ఓటును కొంచెం సవరిస్తున్నాను: 100 గజాలకు మించి కాల్చననే నియమం పెట్టుకొని, 405 లేదా తక్కువ వేగపు 300 గ్రెయిన్ల తూటాలతో సాధన చేసేట్టయితే బావగారి మార్లిన్ చాలు. 150 కావాలంటే .350 లెజెండ్ కొనండి.

వంశీ, మారతహళ్లి, బెంగళూరు

అందరికీ ధన్యవాదాలు. మాస్టారి లెక్క చూశాక పట్టికలను చదివే పద్ధతే మారిపోయింది. మరో రెండు సందేహాలు మిగిలాయి. నేను వెళ్లేది పని వీసా మీద. బావగారి రైఫిల్‌ను నేను పట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా? రెండవది, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. సీసపు బుల్లెట్‌తో కొట్టిన జింక మాంసం వారికి పెట్టవచ్చునా? అక్కయ్య ఈ మాట గట్టిగా అడగమంది.

జవాబు: ఎగ్మూరు వకీలు, చెన్నై

మొదటి సందేహానికి నేను చెబుతాను. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకిని గాని తూటాలను గాని దగ్గర ఉంచుకోవడం నేరం. దీనికి ఉన్న మినహాయింపులలో ఒకటి, ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం. హెచ్-1బి, ఎల్-1 వంటివన్నీ వలసేతర వీసాలే. అందువల్ల ఓహియో వేట శిక్షణ తరగతి పూర్తి చేసి, లైసెన్సు చేతికి వచ్చిన తరువాతే రైఫిల్ ముట్టుకోండి. రేంజికి వెళ్లి బావగారి రైఫిల్‌తో నాలుగు తూటాలు కాల్చడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుందన్న సంగతి చాలామందికి తట్టదు. సాధనకు ముందే లైసెన్సు, సీజన్‌కు ముందు కాదు. జింక పర్మిట్ దానికి అదనం. వీసా విషయంలో పొరపాటుకు చోటు ఉండకూడదు కాబట్టి, అక్కడికి చేరాక ఒక స్థానిక న్యాయవాదితో ఒకసారి మాట్లాడుకోవడం మేలు.

తిరుగు ప్రయాణం గురించి అడగకపోయినా చెబుతున్నాను. వేటకు వాడిన సంచిని, కోటును విమానం ఎక్కే ముందు ప్రతి జేబూ తిప్పి చూసుకోండి. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా ఒక్క తూటా దగ్గర ఉన్నా సెక్షన్ 25 కింద కేసు పెట్టవచ్చు. తెలియక సంచిలో ఉండిపోయిందని, అది తెలిసి ఉంచుకోవడం కాదని వాదించి బయటపడినవారు ఉన్నారు, కాని అందుకు కోర్టుల చుట్టూ తిరిగిన కాలం ఎవరూ తిరిగి ఇవ్వరు. జింక కొమ్ములను ముచ్చటపడి బెంగళూరు తేవాలనుకుంటే ముందు కస్టమ్స్ వారి నుంచి, వన్యప్రాణి విభాగం నుంచి అనుమతి గురించి తేల్చుకోకుండా పెట్టెలో పెట్టవద్దు.

ఈ చర్చను చదివే ఇక్కడివారి కోసం ఒక్క ముక్క. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. కొడగులో కొడవలకు తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది గాని, ఆ మినహాయింపు తుపాకికే, వేటకు కాదు.

పెద్ద బోరు అన్న మాట వచ్చింది కాబట్టి మన దేశపు కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 బోరు రైఫిళ్లను, తూటాలను భారతదేశంలోకి, సూడాన్‌లోకి తేవడాన్ని నిషేధించింది. సైన్యం వదిలేసిన మార్టిని-హెన్రీ రైఫిళ్లు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్నాయి, వాటికి ఈ తూటాలు దొరుకుతాయని వారి భయం. దానితో లండన్ తుపాకి కంపెనీలు .465, .470, .475 అంటూ కొత్త బోరులను పుట్టించాయి. ఏనుగుల వేట తూటాలలో ఇన్ని విచిత్రమైన అంకెలు ఉండడానికి వెనక ఉన్నది బుల్లెట్ శాస్త్రం కాదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు. ఓహియో వారి చట్టం .350 లెజెండ్‌ను పుట్టించిన తీరు చూస్తే నాకు అదే గుర్తుకు వచ్చింది.

జవాబు: కె.ఆర్. పురం కృష్ణమూర్తి, బెంగళూరు

రెండవ సందేహానికి: సీసపు బుల్లెట్ ఎముకకు తగిలితే కంటికి కనిపించని చిన్న ముక్కలుగా రాలి, గాయానికి చాలా దూరం దాకా మాంసంలో చిమ్ముకుపోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేటు చేస్తుంది. ఇంత వరకైతే ఫరవాలేదు అనదగిన మోతాదు లేదు. అందుచేత పిల్లలు తినే ఇంట్లో సీసం లేని, పూర్తి రాగి బుల్లెట్ వాడడమే మంచిది. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసపు తూటాలే నిషేధం. రాగి బుల్లెట్లు మూడు తూటాలలోనూ దొరుకుతాయి, ఖరీదు మాత్రం ఎక్కువ. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది. అందువల్ల తక్కువ బరువువి ఎంచుకుంటారు. అవి చిట్లకుండా లోపలికి దూసుకుపోతాయి గనుక బరువు తగ్గినంత మాత్రాన లోటు ఉండదు. సీసపు బుల్లెట్ తప్పనిసరైతే గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని మొహమాటపడకుండా కోసి పారవేయండి, ఖీమా కొట్టే యంత్రంలో మాత్రం వేయకండి. యంత్రం ఆ ముక్కలను మాంసమంతటా కలిపేస్తుంది.

జవాబు: కోరమంగళ పాతకాపు, బెంగళూరు

రాగి బుల్లెట్ పెట్టేట్టయితే ఒక జాగ్రత్త. అది విచ్చుకోవడానికి కొంత కనీస వేగం కావాలి. ఏ వేగం దాకా విచ్చుకుంటుందో తయారీదారు రాస్తారు. .350 లెజెండ్‌లో ఆ వేగం ఏ దూరం దాకా నిలుస్తుందో పట్టికలో చూసుకొని, అదే మీ హద్దుగా పెట్టుకోండి. అది 150 కంటే తక్కువైనా ఆశ్చర్యపోవద్దు. సీసపు తూటాలతో గురి సరిచేసి, వేట రోజున రాగివి నింపకండి. రెండూ ఒకే చోట తగలవు. ముందుగా ఒకే రకం పెట్టెలు కొన్ని కొనిపెట్టుకొని, చివరి సాధన, సీజన్ రెండూ వాటితోనే కానివ్వండి.

ఇక బల్ల మీద ఇసుక సంచి ఆన్చి కాల్చడం గురి సరిచేయడానికే. ఆ తరువాత కూర్చొని, మోకాలి మీద, చెట్టుకు ఆనుకొని కాల్చి చూడండి. ఎనిమిది అంగుళాల కాగితపు పళ్లెంలో అన్ని తూటాలూ పడే దూరం ఎంతో అంతవరకే జింక మీద కాల్చాలి. క్లబ్బులో .22తో మీకు అబ్బిన ఊపిరి, ట్రిగ్గర్ అదుపు ఇక్కడ అక్షరాలా పనికివస్తాయి. బావగారి చేత అప్పుడప్పుడు మీకు చెప్పకుండా ఖాళీ కేసు నింపించుకోండి. ట్రిగ్గర్ లాగినప్పుడు గొట్టం కిందికి కుంగితే తన్నుకు భయపడుతున్నారని అప్పుడే తెలిసిపోతుంది.

వంశీ, మారతహళ్లి, బెంగళూరు

నిన్న రాత్రి బావగారితో మాట్లాడాను. వేట శిక్షణ తరగతి, లైసెన్సు అయ్యేదాకా రైఫిల్ ముట్టనని చెప్పాను; ఆయనకు కూడా వీసా నిబంధన సంగతి తెలియదట. పిల్లల కారణంగా రాగి బుల్లెట్‌తో .350 లెజెండ్ తీసుకోవడానికి ఒప్పుకున్నారు. మార్లిన్‌ను 405 గ్రెయిన్ల తూటాలతో రేంజిలో కాల్చి చూస్తాను గాని, మొదటి సీజన్‌లో పొలానికి తీసుకుపోను. .350 రాగి తూటా విచ్చుకునే వేగం చూస్తే నా హద్దు 120 గజాల దగ్గర తేలేలా ఉంది. పొలం గట్టు మీద నుంచి ఆ దూరానికి గుర్తుగా ముందే ఒక కర్ర పాతి ఉంచుతానని బావగారు అన్నారు.